హైదరాబాద్‌లో క్రిమినల్ కేసు పడితే: ప్రైవేటు లాయరా, ఉచిత డిఫెన్స్ లాయరా? ఎలా తేల్చుకోవాలి

"మావాణ్ని స్టేషన్‌కి తీసుకెళ్లారు. లాయర్‌ని పెట్టుకోవాలా, కోర్టువాళ్లు ఇచ్చే లాయర్ సరిపోతాడా?" ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అడిగేవాళ్లలో సగం మంది అప్పటికే బంగారం తాకట్టు పెట్టడానికి బయల్దేరి ఉంటారు. మిగతా సగం మంది "ఫ్రీ లాయర్ ఏం చేస్తాడులే" అని అసలు ఎవరినీ అడగకుండా కూర్చుంటారు. రెండూ నష్టమే.

నా సలహా ముందే చెప్పేస్తాను. మొదటి రోజు ఎవరు అందుబాటులో ఉంటే వాళ్ల సాయం తీసుకోండి. కాగితాలు చేతికొచ్చాక, వారం లోపు, కేసు చూసి నిర్ణయించుకోండి. అది ఎలాగో వరుసగా చెబుతాను.

## 1. ముందు ఎవరు ఎవరో తెలుసుకోండి

కోర్టు హాల్లో నల్లకోటు వేసుకున్న ప్రతివారూ మీ తరఫు కాదు. "గవర్నమెంట్ లాయర్" అని అడిగితే చాలాసార్లు జనం పబ్లిక్ ప్రాసిక్యూటర్ దగ్గరికి పంపిస్తారు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ), అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ఏపీపీ) ప్రభుత్వం తరఫున కేసు నడిపేవాళ్లు, అంటే మీకు ఎదుటి పక్షం. వాళ్ల ముందు కూర్చుని "మావాడు కొట్టిన మాట నిజమే గానీ..." అని మొదలుపెట్టకండి.

నిందితుడికి ఉచితంగా వాదించేది లీగల్ సర్వీసెస్ అథారిటీ నియమించిన లాయర్. జాతీయ న్యాయసేవాధికార సంస్థ (నల్సా) 2022 పథకం కింద పెట్టిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసుల్లో చీఫ్, డిప్యూటీ చీఫ్, అసిస్టెంట్ అని మూడు స్థాయిలు ఉంటాయి. చీఫ్‌కి క్రిమినల్ కేసుల్లో కనీసం 10 ఏళ్లు, డిప్యూటీకి 7 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలి. వీళ్లు పూర్తికాలం ఇదే పని చేయాలి, బయట ప్రైవేటు కేసులు తీసుకోకూడదు. ఫిర్యాదుదారుల తరఫున కూడా వీళ్లు రారు. నిందితుల కేసులే వీళ్ల పని.

ఇంకో రకం ప్యానెల్ లాయర్లు. వీళ్లకు సొంత ప్రాక్టీసు ఉంటుంది, మధ్యలో లీగల్ ఎయిడ్ కేసులూ చేస్తారు.

## 2. మొదటి 24 గంటలు: బేరాలకు సమయం కాదు

అరెస్టు చేసిన 24 గంటల్లోపు, ప్రయాణ సమయం మినహాయించి, మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. మీ చేతిలో ఉన్నది ఆ కొద్ది గంటలే. ఈ వరుసలో కదలండి.

- ఏ స్టేషన్, క్రైమ్ నంబర్ ఎంత, ఏ సెక్షన్లు, ఎన్ని గంటలకు అరెస్టు చేశారు: ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి. అరెస్టు సమయం తప్పకుండా రాయండి. రిమాండ్ రిపోర్టులో (కస్టడీ కోరుతూ పోలీసులు కోర్టుకిచ్చే కాగితం) వేరే సమయం ఉంటే అదే పెద్ద పాయింటు అవుతుంది.
- అరెస్టుకు కారణాలు నిందితుడికి చెప్పారా, రాతలో ఇచ్చారా, ఇంటివాళ్లకు తెలిపారా అని అడగండి. ఇది వాళ్ల బాధ్యత, మీ మీద దయ కాదు.
- 15100 కి ఫోన్ చేయండి. ఇది దేశమంతా పనిచేసే ఉచిత న్యాయసహాయ నంబరు. అరెస్టు సమయంలోనూ, అంతకుముందు విచారణకు పిలిచినప్పుడూ కూడా సాయం అడగొచ్చు.
- తెలిసిన ప్రైవేటు లాయర్ ఉంటే ఆ రోజు హాజరు వరకే మాట్లాడుకోండి. "మొత్తం కేసు" మాట ఈ రోజు వద్దు.
- నిందితుడికి ఒకే మాట చేరవేయండి: ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు, చదవకుండా సంతకం పెట్టొద్దు.

విచారణ జరుగుతున్నప్పుడు లాయర్‌ని కలిసే హక్కు కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 38 ఇస్తుంది. మొత్తం విచారణ అంతా పక్కనే కూర్చునే హక్కు మాత్రం కాదు. స్టేషన్‌లో లాయర్ ఈ తేడా తెలిసి మాట్లాడితే గొడవ లేకుండా పని జరుగుతుంది.

మేజిస్ట్రేట్ ముందు హాజరుపరిచినప్పుడు "లాయర్ ఉన్నారా?" అని అడుగుతారు. లేకపోతే "లేరు, లీగల్ ఎయిడ్ కావాలి" అని నిందితుడే నోరు తెరిచి చెప్పాలి. సిగ్గుపడి తలవంచుకుని నిలబడితే ఆ రోజు అట్లాగే గడిచిపోతుంది. ఆదివారం రాత్రి జడ్జి ఇంటి దగ్గర హాజరుపరిచినా ఇదే మాట.

అరెస్టు లేకుండా, పోలీసుల ముందు హాజరు కమ్మని బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 35(3) నోటీసు మాత్రమే వచ్చిందా? అయితే మీకు కాస్త ఊపిరి తీసుకునే సమయం ఉంది. నోటీసుని పట్టించుకోకపోవడమే ప్రమాదం. చెప్పిన రోజు వెళ్లాలి, వెళ్లిన రుజువు ఉంచుకోవాలి. ఈ మధ్యలో లాయర్‌ని నిదానంగా వెతుక్కోవచ్చు.

## 3. ఉచిత లాయర్‌కి మీరు అర్హులేనా?

పేదవాళ్లకే అనుకుంటారు గానీ, లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1987, సెక్షన్ 12 జాబితా పెద్దది. ఆదాయంతో పని లేకుండా అర్హులయ్యేవాళ్లు:

- మహిళలు, పిల్లలు
- ఎస్సీ, ఎస్టీలు
- వికలాంగులు
- పరిశ్రమల్లో పనిచేసే కార్మికులు
- కస్టడీలో ఉన్న ఎవరైనా

మిగతావాళ్లకు రాష్ట్రం నిర్ణయించిన ఆదాయ పరిమితి వర్తిస్తుంది. ఆదాయానికి సాధారణంగా అఫిడవిట్ చాలు. సర్టిఫికెట్ లేదని ఎవరైనా వెనక్కి పంపితే సెక్షన్ 13 చూపించండి.

ఇందులో ఒక మెలిక ఉంది. లోపల ఉన్నంతకాలం ఐటీ ఉద్యోగి అయినా అర్హుడే. బెయిల్ మీద బయటికొచ్చాక అదే మనిషికి ఆదాయ పరిమితి అడ్డురావొచ్చు. కాబట్టి రిమాండ్‌లో ఉచిత లాయర్‌ని పెట్టుకున్నవాళ్లు ట్రయల్ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

భార్య పెట్టిన వేధింపుల కేసుల్లో ఇంకో సంగతి. కొడుకు అర్హుడు కాకపోయినా, ఏ2గా (రెండో నిందితురాలిగా) ఉన్న తల్లి మహిళ కాబట్టి అర్హురాలే. ఇంట్లో నిందితులందరికీ కలిపి ఫీజు కట్టేముందు ఇది గుర్తుపెట్టుకోండి.

ఎక్కడికి వెళ్లాలి? రాష్ట్ర లీగల్ సర్వీసెస్ అథారిటీ పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు భవనాల్లో ఉంది. కానీ మీ కేసు పని జరిగేది కేసు ఉన్న కోర్టు ఆవరణలోని లీగల్ సర్వీసెస్ ఆఫీసులో. నగరం కేసులన్నీ నాంపల్లికే వస్తాయనుకోకండి. స్టేషన్‌ని బట్టి సికింద్రాబాద్, ఎల్బీనగర్, కూకట్‌పల్లి, రాజేంద్రనగర్, మల్కాజిగిరి కోర్టులకు వెళ్తాయి. రిమాండ్ రిపోర్టు పైన కోర్టు పేరు రాసి ఉంటుంది, దాన్ని పట్టుకుని వెళ్లండి. మనిషి చంచల్‌గూడలోనో చర్లపల్లిలోనో ఉంటే, జైల్లోని లీగల్ ఎయిడ్ క్లినిక్ ద్వారా లోపలినుంచే దరఖాస్తు పెట్టొచ్చు.

## 4. కాగితాలు ముందు, ఫీజు మాట తర్వాత

కాగితాలు చూడకుండా కేసు బలం చెప్పగలిగే లాయర్ లేడు, ప్రైవేటైనా ఉచితమైనా. ఒక ఫైలు తెరవండి.

- ఎఫ్‌ఐఆర్ కాపీ. తెలంగాణ పోలీసు వెబ్‌సైట్‌లో చాలావరకు దొరుకుతుంది. లైంగిక నేరాల్లాంటి సున్నితమైన కేసులవి పెట్టరు, వాటికి కోర్టులో కాపీకి అర్జీ పెట్టాలి.
- రిమాండ్ రిపోర్టు
- అరెస్టు కారణాల కాగితం
- వైద్య పరీక్ష కాగితం. ఒంటిమీద దెబ్బలున్నాయా, అందులో రాశారా అనేది చూడండి.
- పాత కేసులుంటే వాటి నంబర్లు, దాచకుండా
- మీ దగ్గరున్న రుజువులు: కాల్ లిస్ట్, వాట్సాప్, సీసీటీవీ, బ్యాంకు స్టేట్‌మెంటు

సీసీటీవీ విషయంలో ఆలస్యం చేయకండి. షాపుల్లో, అపార్ట్‌మెంట్లలో పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతూ ఉంటుంది. లాయర్ ఖరారయ్యేదాకా ఆగకుండా, ఫుటేజీ భద్రపరచమని షాపు యజమానికి ఈ రోజే రాతలో ఇచ్చి, రసీదు సంతకం తీసుకోండి.

రిమాండ్ రిపోర్టు చదవడం కష్టమేమీ కాదు. మొదట ఏ1, ఏ2 వరుస, ఎవరి పేరు పక్కన "పరారీలో ఉన్నాడు" అని ఉందో చూడండి. తర్వాత నేరం జరిగిన తేదీ, ఫిర్యాదు తేదీ, అరెస్టు సమయం ఒక పక్కగా రాసుకోండి. మీవాడు ఏం చేశాడని రాశారో ఆ వాక్యాల కింద గీత పెట్టండి. నాలుగు పేజీల రిపోర్టులో అవి తరచూ రెండు మూడు వాక్యాలే ఉంటాయి. లాయర్‌తో మాట్లాడాల్సింది వాటి గురించే.

## 5. కేసుని బట్టి తూకం

ఇక్కడే అసలు నిర్ణయం.

ఉచిత డిఫెన్స్ లాయర్ హాయిగా సరిపోయేవి. చిన్న దొంగతనం, కొట్లాట, పేకాట, మొదటిసారి డ్రంక్ అండ్ డ్రైవ్ వంటివి. డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసువాళ్లు రోజూ ఆ కోర్టులోనే ఉంటారు. ఏ జడ్జి ఎలాంటి ష్యూరిటీ (బెయిల్‌కి పూచీ) అడుగుతారు, ఏ కేసు లోక్ అదాలత్‌లో రాజీ అవుతుంది అనేది వాళ్లకు నోటిలో ఉంటుంది. ఇలాంటి కేసుకి అప్పు చేసి పెద్ద పేరున్న సీనియర్‌ని పెడితే, వాయిదాకి వచ్చేది ఎట్లాగూ ఆయన జూనియరే.

స్తోమత ఉంటే ప్రైవేటు వైపు మొగ్గాల్సినవి. పెట్టుబడి మోసాలు, సైబర్ కేసులు, వేల పేజీల బ్యాంకు రికార్డులున్నవి. ముఖ్యంగా ఒకే వ్యవహారం మీద రెండు మూడు రాష్ట్రాల్లో ఎఫ్‌ఐఆర్‌లు ఉంటే. డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసు పని ఆ జిల్లా కోర్టుల వరకే. అన్నిచోట్లా ఒకే మాట నడిపించే మనిషి కావాలంటే ప్రైవేటే మేలు. హైకోర్టులో కేసు కొట్టేయించే పిటిషన్ వేయాలన్నా హైకోర్టులో పనిచేసే లాయర్ వేరుగా కావాలి. దానికీ హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీ ద్వారా ఉచిత సాయం ఉంది.

అనుభవమే చూడాల్సినవి. గంజాయి కేసులు, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాలు), హత్య. ఇక్కడ ఫీజు ప్రశ్న రెండోది. గంజాయి లాంటి మత్తుపదార్థాల చట్టం ఎన్‌డీపీఎస్‌లో ఎంత పరిమాణం పట్టుకున్నారన్నదాన్నిబట్టి బెయిల్ నిబంధనలే మారిపోతాయి. తూకం, సీలు, శాంపిల్ కాగితాలు చదవడం తెలిసినవాళ్లు కావాలి. అలాంటి కేసులు చేసిన చీఫ్ డిఫెన్స్ కౌన్సెల్, ఆస్తి కేసులు చూసుకునే మీ కాలనీ ప్రైవేటు లాయర్ కంటే నయం. యావజ్జీవం లేదా మరణశిక్ష పడే కేసుల్లో కోర్టు నియమించే లాయర్‌కి కనీసం 10 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2019లో అనోఖీలాల్ కేసులో చెప్పింది. అది ఉందా అని అడగడం మీ హక్కు.

ఒకే కేసులో చాలామంది నిందితులుంటే. స్నేహితులంతా చందాలేసుకుని ఒకే లాయర్‌ని పెట్టుకోవడం మన దగ్గర మామూలు. ఏ1 "బండి వాడిది" అని, ఏ3 "నేను అక్కడ లేనే లేను" అని చెప్పే రోజు వస్తుంది. అప్పుడు ఆ లాయర్ ఎవరి పక్షం? చందా ఎక్కువేసినవాడి పక్షమని నేను అననుగానీ, మీరు వేరే లాయర్‌ని పెట్టుకోండి.

## 6. మొదటిసారి కూర్చున్నప్పుడు ఏం అడగాలి

ఈ ప్రశ్నలు ప్రైవేటు లాయర్‌కీ, ఉచిత లాయర్‌కీ ఒకటే.

1. ఇలాంటి సెక్షన్ల కేసులు ఈ మధ్య ఏ కోర్టులో చేశారు?
2. వాయిదాకి మీరే వస్తారా, ఎవరిని పంపుతారు? ఆ వచ్చేవాళ్లను ఇప్పుడే పరిచయం చేస్తారా?
3. బెయిల్ పిటిషన్ ఎప్పుడు వేస్తారు, మేజిస్ట్రేట్ దగ్గరా, సెషన్స్‌లోనా?
4. చార్జిషీటు గడువు ఏ తేదీతో ముగుస్తుంది?

నాలుగో ప్రశ్న నేను ఎవరికైనా గట్టిగా చెప్పేది. సాధారణంగా నిందితుడు లోపల ఉండగా 60 రోజుల్లో, పదేళ్లు లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాలైతే 90 రోజుల్లో చార్జిషీటు రాకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. రిమాండ్ చేసిన రోజునూ లెక్కలో కలపాలని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. ఉదాహరణకి మార్చి 1న రిమాండ్ అయితే 60 రోజులు ఏప్రిల్ 29తో నిండుతాయి. ఏప్రిల్ 30న, చార్జిషీటు దాఖలయ్యేలోపే, పిటిషన్ పడాలి. ఆలోపు పోలీసులు చార్జిషీటు వేసేస్తే ఆ హక్కు పోతుంది. వేళ్లమీద లెక్కపెట్టి తేదీ చెప్పే లాయర్ దొరికితే, ఆఫీసు చిన్నదైనా వదులుకోకండి. "అది తర్వాత చూద్దాంలే" అంటే ఇంకొకరిని కలవండి.

"గ్యారంటీగా బెయిల్ తెస్తా" అన్నా, "జడ్జిగారు మనవాళ్లే" అన్నా, "లోపల ఇవ్వాల్సింది వేరుగా ఉంటుంది" అన్నా లేచి వచ్చేయండి. మూడో మాట విని డబ్బిస్తే మీరే ఇంకో నేరంలో ఇరుక్కుంటారు.

## 7. ప్రైవేటు లాయర్ అయితే ఫీజు ఇలా ఖాయం చేసుకోండి

మొత్తం కేసుకి ఒకే అంకె చెప్పించుకుంటే మొదట్లో సుఖంగా ఉంటుంది, గొడవలు తర్వాత వస్తాయి. దశలవారీగా మాట్లాడండి: రిమాండ్ రోజు, బెయిల్, చార్జిషీటు తర్వాత చార్జీల మీద వాదన, సాక్షుల క్రాస్ (ఎదుటి పక్షం సాక్షులను ప్రశ్నించడం), ఆఖరి వాదనలు. ఏ దశకి ఎంత, ఎప్పుడు ఇవ్వాలి, టైపింగు, కాపీలు, గుమస్తా ఖర్చు అందులో కలిసిందా లేదా అని ఒక కాగితం మీద రాయించుకోండి. సంతకం పెట్టడానికి మొహమాటపడితే, మీరే వాట్సాప్‌లో "ఇలా అనుకున్నాం సార్" అని పంపి, ఆయన సరే అన్న జవాబు దాచుకోండి. డబ్బు యూపీఐలోనో చెక్కుతోనో ఇవ్వండి.

"కేసు గెలిస్తేనే ఫీజు" అనే ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. అలా ముందుకొచ్చే లాయర్ మిగతా నియమాలనూ అంతే తేలిగ్గా తీసుకుంటాడని అనుకోవచ్చు.

చేతిలో ఉన్నదంతా మొదటి రోజే ఇచ్చేయకండి. కేసులో అసలైన పని క్రాస్ ఎగ్జామినేషన్ దగ్గర ఉంటుంది, అది నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో వస్తుంది. రిమాండ్, బెయిల్ ఉచిత లాయర్‌తో నడిపించి, ఆ డబ్బు క్రాస్ బాగా చేసే లాయర్‌కి దాచుకున్న కుటుంబం నా దృష్టిలో తెలివైనది.

## 8. ఉచిత లాయర్‌తో పని చేయించుకోవడం

వీళ్ల దగ్గర కేసులు ఎక్కువ. మీ కేసు వాళ్ల మనసులో నిలవాలంటే మీరు సిద్ధంగా వెళ్లాలి.

- ఒకే పేజీలో తేదీలవారీగా జరిగింది రాసి ఇవ్వండి.
- ఇంటి నుంచి ఒక్కరే మాట్లాడండి. బావగారు ఒకటి, పెదనాన్న ఒకటి చెబితే లాయర్ మూడోది రాసుకుంటారు.
- ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో సీఎన్‌ఆర్ నంబర్ (ప్రతి కేసుకీ ఉండే ప్రత్యేక నంబరు) వేసుకుని వాయిదా తేదీ మీరే చూసుకోండి. ముందురోజు గుర్తుచేయండి.
- చార్జిషీటు కాపీలు నిందితుడికి ఉచితంగా ఇవ్వాలి. అవి తీసుకుని పేజీలు సరిపోయాయో లేదో చూసి, ఒక జిరాక్సు ఇంట్లో ఉంచండి.

ఒక్క రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు. ఎవరైనా అడిగితే ఆ కోర్టు లీగల్ సర్వీసెస్ అథారిటీ కార్యదర్శికి రాతలో చెప్పండి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి దారులు

వకాలత్ (లాయర్‌కి మీ తరఫున అధికారమిచ్చే కాగితం) మీద ఖాళీలు వదిలి సంతకం. కేసు నంబర్, కోర్టు పేరు రాయించాకే సంతకం. జైల్లో ఉన్న మనిషి సంతకానికి జైలు అధికారి ధ్రువీకరణ ఉండాలి, దానికి కొంత సమయం పడుతుందని లెక్కేసుకోండి.

గేటు దగ్గర కలిసినవాళ్లను నమ్మడం. స్టేషన్ దగ్గర, కోర్టు గేటు దగ్గర "మంచి లాయర్ ఉన్నాడు" అంటూ వెంటపడేవాళ్లకు కమీషన్ ఉంటుంది. అద్దె ష్యూరిటీలు ఇప్పిస్తామనేవాళ్లూ వీళ్లే. నకిలీ ష్యూరిటీ అని తేలితే బెయిల్ రద్దు, పైగా కొత్త కేసు. సొంత బంధువుల్నే అడగండి.

బెయిల్ వచ్చింది, మనిషి రాలేదు. ష్యూరిటీ దొరక్క జైల్లోనే ఉండిపోయేవాళ్లున్నారు. ఆర్డరు వచ్చి 7 రోజులైనా విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి లీగల్ సర్వీసెస్ కార్యదర్శికి తెలపాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆదేశించింది. మీరూ అక్కడికే వెళ్లి, షరతులు తగ్గించమని పిటిషన్ వేయమనండి.

వాయిదా ఎగ్గొట్టడం. "లాయర్ చూసుకుంటాడులే" అని ఇంట్లో కూర్చుంటే వారెంటు వస్తుంది. రాలేని రోజు లాయర్ హాజరు మినహాయింపు పిటిషన్ వేశాడో లేదో ఆ ఉదయమే కనుక్కోండి. వారెంటు వచ్చేస్తే పోలీసులు వచ్చేదాకా ఆగకుండా, లాయర్‌తో కోర్టుకెళ్లి రీకాల్ పిటిషన్ వేయించండి.

లాయర్ దగ్గర అబద్ధం. లాయర్‌కి చెప్పింది బయటికి రాకుండా చట్టం కాపాడుతుంది. పాత కేసు దాస్తే అది పీపీ నోట బయటపడుతుంది, బెయిల్ అక్కడే పోతుంది.

## 10. లాయర్‌ని మార్చాలంటే

ప్రైవేటు నుంచి ఉచితానికీ, ఉచితం నుంచి ప్రైవేటుకీ మారొచ్చు. ప్రైవేటు లాయర్‌ని పెట్టుకుంటే ఉచిత సాయం ఆగిపోతుంది, రెండూ కలిపి నడవవు.

పాత లాయర్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తీసుకోవడం ఆనవాయితీ. ఇవ్వకపోతే కొత్త లాయర్ కోర్టు అనుమతికి పిటిషన్ వేస్తారు. ఫీజు బాకీ ఉందని ఫైలు ఇవ్వనంటే, కక్షిదారు కాగితాలు అలా పట్టుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో చెప్పింది. ఆ మాట మర్యాదగా గుర్తుచేయండి. వినకపోతే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు.

ఉచిత లాయర్ వాయిదాలకు రాకపోతే ఏయే తేదీల్లో రాలేదో రాసి, మార్చమని కార్యదర్శికి అర్జీ ఇవ్వండి. ఫలానా పేరున్న లాయర్‌నే ఇమ్మని పట్టుబట్టడం మాత్రం కుదరదు.

మార్చే సమయం కూడా చూసుకోండి. ముఖ్య సాక్షి క్రాస్ రేపనగా లాయర్‌ని మారిస్తే కొత్తాయన చదవడానికే గడువు అడగాలి, కోర్టు ఇవ్వకపోవచ్చు.

## 11. శిక్ష పడితే

మేజిస్ట్రేట్ కోర్టు తీర్పు మీద సెషన్స్‌కి 30 రోజులు, సెషన్స్ తీర్పు మీద హైకోర్టుకి 60 రోజులు అప్పీలు గడువు. తీర్పు కాపీ నిందితుడికి ఉచితంగా ఇస్తారు. ట్రయల్‌కి ప్రైవేటు లాయర్‌ని పెట్టుకుని డబ్బు అయిపోయినవాళ్లు కూడా అప్పీలుకి ఉచిత సాయం అడగొచ్చు. లోపల ఉన్న మనిషి జైలు సూపరింటెండెంట్ ద్వారానే అప్పీలు పంపొచ్చు. తీర్పు వచ్చిన రోజే ఆ దరఖాస్తు అడిగి తీసుకోండి.